ఏడో నంబరు ఖాళీ

ఆ వార్డులో ఆ నర్సును అందరూ 'అలాగే సిస్టర్' అంటారు. ఎవరేం అడిగినా ఆవిడ నోట ముందు వచ్చే మాట అదే. దిండు మార్చమంటే అలాగే, మంచినీళ్లు తెమ్మంటే అలాగే, "అక్కా, మా పిల్లాడికి జ్వరం, రేపు నా డ్యూటీ చూస్తావా" అన్నా అలాగే. మెత్తనివాళ్లను చూస్తే మొత్తబుద్ధి అని పెద్దలు ఊరికే అన్నారా? పదకొండేళ్లుగా ఆవిడకు తన నెత్తి తాను గోక్కునే తీరిక లేదు. ఇలాంటివాళ్లే ఈ పనిలోకి వస్తారో, వచ్చాక ఇలా తయారవుతారో నాకైతే తెలియదు.

అది తేల్చడానికే కాబోలు, ఒక రోజు నర్సింగ్ కాలేజీ నుంచి నర్సుల మనసు గురించి అడిగే ప్రశ్నల కాగితాలు వచ్చాయి. ఇరవై ప్రశ్నలు, ఒక్కోదానికీ పక్కన అవును, లేదు అని రెండు గళ్లు. ఎవరో రోగికి సెలైన్ ఎక్కుతుంటే ఆ పక్కనే నిలబడి, మంచం అంచున కాగితం పెట్టుకుని, అలాగే సిస్టర్ రెండు నిమిషాల్లో టిక్కులు కొట్టేసి ఇచ్చేసింది. ఆవిడ మనసు కాగితం మీద ఉంటేగా! కుడి జేబులో రాజీనామా ఉత్తరం ఉంది. రెండింటికి డ్యూటీ దిగేటప్పుడు పెద్ద సిస్టర్ చేతిలో పెట్టేయాలి.

ఎందుకు మానేస్తోందంటే, భయం. నాలుగు రోజుల క్రితం ఏడో నంబరు మంచం మీదున్న దర్జీ తాత పోయాడు. మూడు వారాలు ఆవిడే చూసుకుంది. ఆయన కళ్లు మూసింది, దుప్పటి సర్దింది, కొడుకును పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది, తర్వాత వెళ్లి చేతులు కడుక్కుని భోజనం చేసింది. అన్నం చక్కగా లోపలికి పోయింది. కంట చుక్క నీరు రాలేదు. మర్నాడు ఇంట్లో తన కూతురు మోకాలు గీరుకుని వస్తే కట్టు కట్టింది, ఎక్కడా వంక పెట్టలేనట్టుగా. ఆ పిల్ల తల్లి ముఖంలోకి చూసి, "ఆసుపత్రిలో వాళ్లకి కూడా ఇలాగే కడతావా అమ్మా, ఏం మాట్లాడకుండా?" అంది. గుండె రాయైపోయినదానికి ఈ ఉద్యోగమెందుకని ఆ రాత్రే ఉత్తరం రాసుకుంది.

రెండయింది. ఆ వార్డులో ఒక పద్ధతుంది. దిగే నర్సు మంచం మంచానికీ వెళ్లి, రోగి ఎలా ఉన్నాడో, ఇంకా చేయాల్సినవేమిటో చెబుతుంది. ఎక్కే నర్సు "తీసుకున్నాను" అంటుంది. ఆ మాట పడ్డాక ఆ మంచం బరువు దిగే నర్సుది కాదు. ఆ రోజు తీసుకోవడానికి పెద్ద సిస్టరే వచ్చింది. జుట్టు నెరిసినా గొంతు నెరవని మనిషి. చేతిలో అలాగే సిస్టర్ నింపిన ఆ ప్రశ్నల కాగితం ఉంది.

ఒకటి నుంచి ఆరు దాకా సజావుగా సాగింది. చక్రం విరిగి బాగుచేసేవాడు రాక ఏడో మంచం ఖాళీగా ఉండిపోయింది. దాని దగ్గర అలాగే సిస్టర్ ఆగకుండానే, "ఏడో నంబరు ఖాళీ" అని ఎనిమిదివైపు నడిచింది.

"ఆగు," అంది పెద్ద సిస్టర్. "ఇందులో మొదటి ప్రశ్న చదువు."

చదివింది. "ప్రస్తుతం మీరు నర్సుగా పనిచేస్తున్నారా?" 'లేదు' దగ్గర టిక్కుంది. కిందకి చూస్తే ఇరవైకి ఇరవై టిక్కులూ 'లేదు' దగ్గరే.

"జ్వరం చూడకుండా చార్టు రాసిందని పోయినేడు ఓ కొత్త నర్సు పిల్లను ఏడిపించి వదిలావు. గుర్తుందా? మరి ఇదేమిటి? ఎవర్ని చూసి రాశావిది?"

అలాగే సిస్టర్‌కు నవ్వొచ్చింది, సిగ్గేసింది. చేయి కుడి జేబులోకి వెళ్లింది. ఇదే అదును అనుకుంది.

ఉత్తరం బయటికి రాకముందే పెద్ద సిస్టర్ ఖాళీ మంచం కమ్మీ పట్టుకుని నిలబడింది. "ఏడో నంబరు చెప్పు. నేను తీసుకోవాలి."

"ఎవరూ లేరు కదమ్మా."

"నాలుగు రోజుల్నుంచీ ఉన్నాడుగా నీ దగ్గర. చెప్పు."

పెద్దావిడకు మతిపోయిందా అనుకుంది. కానీ అలవాటు గట్టిది. నోరు దానంతటదే మొదలుపెట్టింది. "డెబ్బై ఆరేళ్లు. గుండె జబ్బు. కిటికీ తలుపు తెరిచే ఉంచాలి. మాత్ర ఇస్తే దిండు కింద దాచేస్తాడు, మింగేదాకా పక్కనే ఉండాలి. రాత్రి నిద్ర పట్టకపోతే వార్డులో ఎవరి చొక్కా ఎక్కడ వంకర కుట్టారో చెబుతాడు. డాక్టరుగారి కాలరు మీద ఆయనకి చాలా కోపం."

"చేయాల్సినవి?"

చేయి తెలియకుండానే ఎడమ జేబు మీదికి వెళ్లింది. కత్తెర, పెన్నుల బరువుకి చినిగిపోతే పిన్నీసు పెట్టుకున్న జేబది.

"ఒకటి మిగిలిపోయిందమ్మా. ఈ జేబు చూసి ఆయన ప్రాణం ఉసూరుమనేది. సూదీ దారం తెచ్చిస్తే తనే కుట్టి ఇస్తానన్నాడు. అలాగే తాతా, రేపు తెస్తానన్నాను. మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ అలాగే అన్నాను. తేలేదు."

ఇంక ఆగలేదు. వార్డు మధ్యలో, పదిమంది రోగులు చూస్తుండగా, పమిట చాటైనా లేని యూనిఫాంలో వెక్కివెక్కి ఏడ్చింది. ఆరో నంబరు ముసలమ్మ తన మంచినీళ్ల గ్లాసు మెల్లగా ముందుకు జరిపింది. పెద్ద సిస్టర్ ఊరుకోమనలేదు. గుండె ఎండిపోయిందనుకున్నానని ఆవిడ వెక్కుతూ చెబుతుంటే, భుజం మీద చేయి వేసి ఏడుపు తగ్గేదాకా ఉంది.

"తీసుకున్నాను," అంది చివరికి. "నీకు గుండె ఎండిపోలేదే పిచ్చిదానా. దించుకునే చోటు లేక బిగుసుకుపోయింది. పోయినవాళ్లను ఖాళీ అనేసి వెళ్లిపోవడం నేనే నేర్పాను మీకు. తప్పు నాది."

అలాగే సిస్టర్ ముక్కు తుడుచుకుని ఉత్తరం తీసింది. మడత విప్పకుండానే నాలుగు ముక్కలు చేసింది. పదకొండేళ్లలో ఎన్నడూ అడగనిది అప్పుడడిగింది. "మూడు రోజులు సెలవు కావాలమ్మా."

"అలాగే," అంది పెద్ద సిస్టర్. ఆ మాట వేరేవాళ్ల నోట వింటే ఎంత హాయిగా ఉంటుందో ఆవిడకు అప్పటిదాకా తెలియదు.

"ఈ కాగితం మళ్లీ రాసిచ్చి వెళ్లు మరి."

"ఇప్పుడు కాదమ్మా, వచ్చాక ఇస్తాను. చార్టు రాసేముందు మనిషిని చూడాలి కదా."

నాలుగో రోజు ఉదయం వచ్చింది. కాగితం నిండా టిక్కులు అటూ ఇటూ ఉన్నాయి. మూడుచోట్ల గళ్లు చాలక పక్కన రాసింది కూడా. జేబుకు పిన్నీసు లేదు. తను గుడ్డముక్క కత్తిరిస్తే కూతురు కుట్టిందట, ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటూ. కుట్టు వంకరగానే ఉంది. తాత చూస్తే తిట్టిపోసేవాడు.