ఆర్విడ్ హాగెన్ గీసిన ఆఖరి గది

శనివారం ఒంటిగంట కాగానే ఇర్మా హాగెన్ ఒక పళ్ళెంలో నాలుగు కప్పుల కాఫీ, కాసిని జున్ను ముక్కలు, వెన్న రాసిన బన్నులు సర్దేది. ఆ పళ్ళాన్ని నేలమాళిగలోకి దిగే మెట్లలో పై మెట్టు మీద పెట్టి, గోడకి వేలాడుతున్న గంట ఒకసారి ఊపేది. కింద నుంచి ఎవరో ఒకరు వచ్చి పట్టుకుపోయేవారు. సాయంత్రం ఐదింటికి ఖాళీ పళ్ళెం మళ్ళీ అదే మెట్టు ఎక్కి కూర్చునేది. ముప్ఫై ఎనిమిదేళ్ళ పాటు ఇదే వరస.

కింద ఆమె మొగుడు ఆర్విడ్ ఆట ఆడించేవాడు. 'అట్టడుగు కోట' అనే ఆ ఆటని కనిపెట్టింది కూడా ఆయనే. బల్ల చుట్టూ నలుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతూ "ఎదర చీకటి, లోపల ఏదో కదిలింది" అంటారు. మిగతావాళ్ళలో ఒకడు యోధుడు, ఒకతె మంత్రగత్తె. ఎవరికి వాళ్ళు తామేం చేస్తారో చెప్పి పాచిక వేస్తారు. పాచిక కరుణిస్తే బతుకుతారు, లేకపోతే చస్తారు, చచ్చి కాఫీ తాగుతారు. మా చెరువు గడ్డకట్టే నెలల్లో పడవ ఇంజన్లు బాగుచేసే పని ఉండదు కాబట్టి ఆర్విడ్ ఈ ఆట రాశాడు. అది ఎన్నో దేశాలు తిరిగొచ్చింది. ఆయన మాత్రం గ్రీజు మరకల చొక్కాతో మా విస్కాన్సిన్ దాటి పోలేదు.

కోట పటాలన్నీ ఆయన గళ్ళ కాగితం మీద పెన్సిలుతో గీసేవాడు. రాత్రి గది గీస్తే తెల్లారేసరికి ఆ గది ఇంటి కింద ఉండేది. మొదట ఆయుధాల గది వచ్చింది, తర్వాత రాళ్ళ వంతెన, ఆ తర్వాత మూడు సొరంగాలు. ఒకరోజు పక్కింటాయన కంచె మీద నుంచి వంగి, "ఆర్విడ్, నీ చెరసాల నా టమాటా మడి కిందకి వచ్చేసిందయ్యా, మొక్కల వేళ్ళకి చలి కొడుతోంది" అన్నాడు. "రెండు గళ్ళు చెరిపేస్తాలే" అని ఈయన చెరిపేశాడు. గొట్టాలు బాగుచేయడానికి దిగినవాడు ఒకసారి దారి తప్పి తపాలా ఆఫీసు వెనక తేలాడు. మధ్యలో ఆకలేసి డబ్బాలో తెచ్చుకున్నది తినేశానన్నాడు గానీ వేరే ఫిర్యాదేమీ చేయలేదు. ఆరునెలలు మంచు కురిసే ఊళ్ళో ఎవరింటి కింద ఎన్ని గదులున్నాయో లెక్కపెట్టే తీరిక ఎవరికుంది!

ఇర్మా ఒక్కతే లెక్కపెట్టింది, అదీ కోపంతో. ఆవిడ ముప్ఫై ఒక్క ఏళ్ళు బడి వంటింట్లో పిల్లలకి వండిపెట్టింది. ఆ రాతి నేల మీద నిలబడీ నిలబడీ మోకాళ్ళు అరిగిపోయాయి. నేలమాళిగకి పద్నాలుగు మెట్లు. మోకాళ్ళు బాగున్న రోజుల్లో ఆమెని రమ్మన్నవాళ్ళు లేరు, రమ్మనే బుద్ధి పుట్టేసరికి మోకాళ్ళు లేవు. కింద నుంచి నవ్వులు వినిపించేవి. ఆమె పైన గిన్నెలు కడుక్కునేది.

"రెండొందల పదకొండు గదులు కట్టాడు. నాకని ఒక్కటి కట్టలేదు" అని చెల్లెలు వెల్డాతో ఫోనులో అనేది.

ఫిబ్రవరి ఆఖరు వారంలో ఆర్విడ్ ఆసుపత్రిలో పోయాడు.

గురువారం అంత్యక్రియలకి మా చిన్న చర్చి పట్టలేదు. ఎక్కడెక్కడి నుంచో, రెండు రోజులు కార్లు నడుపుకుంటూ వచ్చారు. ముసలివాళ్ళున్నారు, చంకలో బిడ్డలున్న తల్లులున్నారు, ఒకాయన ఇనప కవచం తొడుక్కుని దాని మీద ఉన్ని కోటు వేసుకొచ్చాడు. ఒక్కొక్కరే ఇర్మా ముందుకొచ్చి చెయ్యి పట్టుకున్నారు.

"అమ్మా, మీవారు నన్ను మూడుసార్లు చంపారు. ఆయన మేలు ఈ జన్మలో మరచిపోలేను" అన్నాడు ఒకాయన, కళ్ళు తుడుచుకుంటూ.

"నన్ను బావిలో తోశారండీ. కాలేజీలో నాతో మాట్లాడే దిక్కు లేని రోజులవి. ఆ బావిలోనే నాకు నలుగురు స్నేహితులు దొరికారు" అంది ఒకావిడ.

"మేం పెళ్ళి చేసుకున్నది ఆయన కోటలోనే, విషవాయువు గదిలో" అన్నారు ఇంకో జంట.

ఇర్మా అందరికీ తలూపింది. సమాధి మీద తలా ఒక పాచిక పెట్టి వెళ్ళారు. తెల్లటి మంచులో ఎర్రవి, పచ్చవి, నీలివి, చూడ్డానికి ఎంతో బాగున్నాయి. అది చూసి ఆవిడకి దుఃఖం కంటే ముందు ఉక్రోషం వచ్చింది. ముక్కూ మొహం తెలియనివాళ్ళందరికీ ఆర్విడ్ ఏదో ఒకటి ఇచ్చి పోయాడు. ఆమెకి కడగాల్సిన కప్పులు ఇచ్చాడు. ఆ సాయంత్రమే వెల్డాకి ఫోన్ చేసి, బుధవారం బయల్దేరి అరిజోనా వచ్చేస్తున్నాననీ, ఇక అక్కడే ఉంటాననీ, ఇల్లు అమ్మేస్తాననీ చెప్పింది. పెట్టె సర్దుకుని గుమ్మంలో పెట్టింది.

శనివారం అలవాటు ప్రకారం ముగ్గురూ వచ్చారు. ఉత్తరాలు పంచే నార్బర్ట్, బడి బస్సు నడిపే డార్లీన్, జున్ను ఫ్యాక్టరీలో చేసే లైల్. ఎక్కడికి పోవాలో తెలియక వచ్చారు పాపం. నార్బర్ట్ జేబులో ఒక గళ్ళ కాగితం ఉంది. పోవడానికి రెండు రోజుల ముందు ఆర్విడ్ ఆసుపత్రి మంచం మీద గీసి ఇచ్చింది. పైన ఒకే ఒక గది, దానికి ఒక తలుపు. లోపలి మడత అంటించి, 'గదిలో కూర్చున్నాక విప్పండి' అని రాసి ఉంది.

ఆ గది కోసం ముగ్గురూ కింద గంటసేపు వెతికారు. రెండొందల పదకొండు గదులూ ఉన్నాయి గానీ రెండొందల పన్నెండోది లేదు. ఉసూరుమంటూ మెట్లెక్కి, ఇర్మాతో చెప్పి పోదామని వంటింట్లోకి వచ్చారు. ఫ్రిజ్ పక్కన కొత్త తలుపు!

"ఇది ఎప్పటి నుంచి ఉందండీ?" అన్నాడు నార్బర్ట్.

"ఆయన పోయే ముందు రోజు నుంచి. చెత్తబుట్ట పెట్టుకునే చోటు పోయింది" అంది ఇర్మా బంగాళాదుంపలు తరుగుతూ.

"తెరిచి చూళ్ళేదా?"

"ఆయన తలుపులతో నాకేం పని!"

ముగ్గురూ ఆ తలుపు ముందు గొంతుక్కూర్చున్నారు. అట్టడుగు కోట ఆడేవాళ్ళు తలుపు కనబడితే తెరవరు. తెరిచినవాళ్ళంతా చచ్చారు కాబట్టి బతికున్నవాళ్ళకి ఆ అలవాటు లేదు. లైల్ చీపురు కర్రతో తలుపు చుట్టూ నాలుగు మూలలా పొడిచి చూశాడు. డార్లీన్ గాజు గ్లాసు ఆనించి విన్నది. నార్బర్ట్ అడుగుజాడలు పడతాయేమోనని ఇర్మా గోధుమపిండి తీసి నేలంతా చల్లాడు.

"ఏం వినిపిస్తోంది?"

"ఫ్రిజ్ వినిపిస్తోంది."

"ముందు ఎవరు నడవాలి?"

"ఇంకెవరు, లైలే. వాడు పోయినా ఊరికి నష్టం లేదు" అంది డార్లీన్.

"పోయినేడాది నీ మంత్రం గురి తప్పి నా గడ్డం కాలిన సంగతి మరిచావా? ఒరేయ్ నార్బర్ట్, పిడి ముట్టుకోకు! విషం సూది ఉంటుంది!"

గంటన్నర గడిచింది. పిడికి దారం కట్టి దూరం నుంచి లాగాలా, లేక పిడి చుట్టూ గుడ్డ చుట్టాలా అన్న దగ్గర వాదన ముదిరింది. పొయ్యి మీద దుంపలు ఉడికిపోయాయి, వాటిలో పోయడానికి పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి, ఫ్రిజ్‌కి అడ్డంగా ముగ్గురు పెద్దమనుషులు దేకుతున్నారు.

"లేవండి ముందు! నేలంతా పిండి చేసి పెట్టారు. బళ్ళో పిల్లలు నయం మీకంటే" అని ఇర్మా గరిటె పట్టుకునే వచ్చి పిడి తిప్పింది. తలుపు తెరుచుకుంది. దానికి తాళమే లేదు.

లోపల ఒక చిన్న గది. కిటికీలోంచి గడ్డకట్టిన చెరువు, దాని మీద చేపలు పట్టేవాళ్ళ గుడారాలు కనిపిస్తున్నాయి. ఒక బల్ల, నాలుగు కుర్చీలు. మూడు మామూలు కుర్చీలే. నాలుగోది ఎత్తుగా ఉంది, మెత్తటి దిండు వేసి ఉంది, లేచేటప్పుడు పట్టుకోవడానికి రెండు వైపులా గట్టి చేతులున్నాయి. మోకాళ్ళు వంగనివాళ్ళు కూర్చుని లేవడానికి ఎంత ఎత్తు ఉండాలో సరిగ్గా అంతే ఉంది. దాని ముందు ఒక కాగితం, పెన్సిలు. కాగితం మీద, ఆటలోకి దిగేవాళ్ళకి రాసిచ్చినట్టే, ఆర్విడ్ చేతిరాత: 'పేరు: ఇర్మా. దగ్గరున్నవి: గరిటె, మూడు బన్నులు.'

ఇర్మా గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ముప్ఫై ఎనిమిదేళ్ళు గంట కొట్టాను. ఇప్పుడు వేశాడా కుర్చీ? చచ్చాక?"

నార్బర్ట్ తల దించుకున్నాడు. పళ్ళెం పట్టుకెళ్ళిన చేతులు తనవి కూడాను. "తప్పు మాది కూడానండీ. మీ బన్నులు తిన్నాం గానీ, మీరూ రండి అని ఒక్కసారీ అనలేదు" అన్నాడు.

"కూర్చోండి ఇర్మా గారూ" అంది డార్లీన్. "నిలబడి పడే కోపం కూర్చునీ పడొచ్చు."

దుంపలు చల్లారిపోతున్నాయని గొణుగుతూనే ఆవిడ కూర్చుంది. మోకాళ్ళు నొప్పి పెట్టలేదు. నార్బర్ట్ అంటించిన మడత విప్పి, గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టాడు.

"సొరంగం చివర ఒక జంతువు పడుకుని ఉంది. గడ్డివాము అంత ఉంది. దారంతా అదే. మిమ్మల్ని చూసి లేచింది, గుర్రుమంది."

"కత్తి దూస్తున్నా!" అన్నాడు లైల్, పాచిక వేసి.

"కత్తి విరిగింది."

"నిప్పు మంత్రం" అంది డార్లీన్. ఆవిడ పాచిక బల్లంతా దొర్లి ఒకటి దగ్గర ఆగింది.

"నిప్పు ఆరిపోయింది. అది ఇంకా దగ్గరికొచ్చింది. నోరు తెరిచింది." నార్బర్ట్ అక్కడ ఆగి, కింది రెండు మూడు వాక్యాలు లోపల చదువుకున్నాడు. ఇన్నేళ్ళూ జనం గుమ్మాల్లో మంచి కబుర్లూ చెడ్డ కబుర్లూ అందించిన మనిషి, ఈ కబురు మీద మాత్రం అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "ఇర్మా గారూ, మీరేం చేస్తారు?"

ఇర్మా కిటికీ వంక చూసింది, కాగితం వంక చూసింది. ఎవరూ నవ్వడం లేదు. ముగ్గురూ ఆమె మాట కోసమే కూర్చున్నారు.

"అంత ఒళ్ళేసుకుని ఆ చీకట్లో పడుంది. ఎప్పుడు తిందో ఏమో" అంది. "ఏమన్నా తిన్నావా నాయనా అని అడుగుతాను. ఒక బన్ను ఇస్తాను."

లైల్ పాచిక తీసి ఆమె చేతిలో పెట్టబోయాడు. "అక్కర్లేదు" అని నార్బర్ట్ కాగితం ఆమె వైపు తిప్పాడు.

'ఇది కత్తికి చావదు, మంటకి కాలదు. దీనికి ఆకలి, అంతే. తిన్నావా అని అడిగితే పక్కకి తప్పుకుంటుంది. ఎంత గొప్ప యోధుడికీ ఆ మాట తోచదు. నాకు తెలిసి తోచేది ఒక్క మనిషికే. ప్రతి శనివారం గంట కొట్టి నన్ను అదే అడిగింది. ముందే పిలవాల్సిందిరా, సిగ్గుపడి పిలవలేదు. నా తరఫున ఆమెకి కృతజ్ఞతలు చెప్పండి.'

ఇర్మా రెండుసార్లు చదివింది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, అంత్యక్రియల్లో రాని ఏడుపంతా అక్కడ ఏడ్చింది. డార్లీన్ ఆమె భుజం మీద చెయ్యి వేసి తనూ ఏడ్చింది. లైల్ ముక్కు చీదుకుంటూ కిటికీ వైపు తిరిగాడు.

"పిచ్చి మొద్దు! ఒక్క మాట అడిగితే తన సొమ్మేం పోయేది? మూలుగుతూ చిరాకుపడుతూ అయినా ఆ మెట్లు దిగి వచ్చేదాన్ని" అంది ఇర్మా కాసేపటికి. మొహం తుడుచుకుని, "సరే. అది తప్పుకుంది కదా, దాని వెనకేముంది?" అంది.

నార్బర్ట్ కాగితం తిరగేశాడు. వట్టి గళ్ళు. "ఏమీ గీయలేదండీ."

ఇర్మా పెన్సిలు అందుకుంది. "ఒక్కో గడి ఎంత?"

"పదడుగులు."

"అయితే ఇక్కడ వంటిల్లు రావాలి. అంత జంతువుకి మూడు బన్నులు ఏ మూలకి?" అని, నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, ఇరవై గళ్ళ పొడుగున గీతలు గీసింది. నాలుగు పొయ్యిలు పెట్టింది. మెట్లు మాత్రం ఎక్కడా గీయలేదు.

మంగళవారం వెల్డా అరిజోనా నుంచి ఫోన్ చేసింది. రేపు ఎన్నింటికి దిగుతావు, కారు తీసుకొస్తాను అంది. ఇర్మా రాలేనని చెప్పింది. ఫోనుకి చెవి ఆనించే, నాలుగు పొయ్యిల కొత్త వంటింట్లో ఏదో కలుపుతోంది, పెద్ద గిన్నెలో గరిటె తిరుగుతున్న చప్పుడు వెల్డాకి వినిపించింది.

"ఆర్విడే లేడు కదే, అక్కడ నీకేం పని?"

"వంట."

"ఒక్కదానికి ఎంత వంటే?"

"పదిమంది తినేదానికి పైనే పడుతోంది. నిన్న చాల్లేదు" అంది ఇర్మా.

"ఎవరే వచ్చింది? పేరేమిటి?"

"తింటుంటే పలకరించడం ఎందుకని ఊరుకున్నాను. ఇంకా పేరు అడగలేదు" అని, గరిటె కిందపెట్టి, పొయ్యి తగ్గించడానికి వెళ్ళింది ఇర్మా.