వేరొకరి కోసం ఆపిన పుస్తకం

మ్యూజియం లైబ్రరీలో ఇరవై రెండేళ్లు కౌంటరు వెనక కూర్చున్నాను. పుట్టింది ఖడగ్‌పూర్ రైల్వే కాలనీలో, తెలుగువాణ్ణి. కలకత్తా వాళ్లకి మాత్రం రావుదాని, అంటే రావన్నని. కింద హాల్లో జనం రాతిబొమ్మల్ని చూసి పోతారు. పై అంతస్తులో మేం రాతిబొమ్మల్లా కూర్చున్న చదువరుల్ని చూస్తూ ఉంటాం. వీళ్లలో పరిశోధకులు కొందరు, పరిసర శోధకులు ఎక్కువ. అంటే ఫ్యాను ఏ కుర్చీ మీద బాగా తిరుగుతుందో శోధించేవాళ్లు.

మా దగ్గర అలమరలో పుస్తకాన్ని ఎవరూ సొంతంగా తీయకూడదు. తెల్లచీటీ మీద నంబరు రాసి ఇస్తే గుణధర్ జానా అనే ప్యూను లోపలికి వెళ్లి తెస్తాడు. పేరులో గుణం ధరించాడు గాని బుగ్గలో ఎప్పుడూ ఖైనీయే ధరించేవాడు. అతను తెచ్చిన పుస్తకానికి చివరి అట్ట మీద అంటించిన కాగితం ఉంటుంది, దాని మీద నేను తేదీ ముద్ర కొట్టి ఇస్తాను. పుస్తకం దొరక్కపోతే బైండింగుకి వెళ్లిందంటాను. బైండింగుకి వెళ్లడమంటే బంధువులింటికి వెళ్లడం లాంటిది, ఎప్పుడు తిరిగొస్తుందో అడగడం మర్యాద కాదు. ఇక దూరం నుంచి వచ్చే పండితులు ముందుగా ఉత్తరం రాస్తే, వాళ్ల పేరిట గులాబిచీటీ రాసి ఆ పుస్తకంలో పెడతాం. పుస్తకం కౌంటరు వెనక అరలో నాలుక బయటపెట్టుకుని మూడు వారాలు కూర్చుంటుంది. ఆ పేరుగల మనిషికి తప్ప ఇంకెవరికీ ఇవ్వం.

మా పై అధికారి పేరు సమాద్దార్. నేను ఆయన్ని చాటుగా ‘సమాధి దారి’ అనేవాణ్ణి. ఆ ఏడాది దసరా పూజ సెలవులయ్యాక ఆయన నోటీసు అంటించాడు. అలమరల్లో చోటు లేదు. గడిచిన పదేళ్లలో ఇరవై తేదీ ముద్రలైనా పడని పుస్తకాలు మార్చి ఆఖరున హౌరాలో ఉన్న పాత జనపనార గోడౌనుకి పోతాయి. ఒకే మనిషి అడిగితే వారానికి ఒక్క ముద్రే లెక్క. ఆ గోడౌను సంగతి మా అందరికీ తెలుసు. పైకప్పు రేకులకి ఉన్నన్ని చిల్లులు మా జీతాలకి కూడా లేవు.

ఆ నోటీసు చదివి చలించిన ప్రాణి ఒక్కటే. అవనీకాంత లాహిరి. రాణాఘాట్‌లో స్కూలు మాస్టరుగా చేసి రిటైరైన మనిషి, డెబ్బై నాలుగేళ్లు. మేమంతా మాస్టర్‌మోశాయ్ అనేవాళ్లం. ఆయన జన్మలో రాసింది ఒకే పుస్తకం, మట్టి ముద్రల మీద. వెయ్యేళ్ల కిందట వర్తకులు మూటల మీద వేసిన సీళ్లు అవి, బొటనవేలి గోరంత మట్టి బిళ్లలు. రెండువందల పన్నెండు. వాటికి ఫొటోలు తీయించే స్తోమత లేక ఆయన భార్య కనకలత భూతద్దం పెట్టుకుని ఒక్కొక్కటే సన్న పాళీతో గీసింది. పందొమ్మిదేళ్లు పట్టింది. బొమ్మలు పూర్తయ్యేసరికి ఆమెకి సూదిలో దారం ఎక్కించే చూపు పోయింది. ఆ తర్వాత కొన్నాళ్లకి మనిషే పోయింది. అసలు ముద్రలు మా నేలమాళిగలో, వరదొచ్చిన ఏడాది, బురదైపోయాయి. మట్టి మట్టయింది. మిగిలింది బొమ్మలే.

పుస్తకం కూడా మిగల్లేదు. అచ్చువేసినవాడు దుకాణం మూసి, అమ్ముడుపోని కాపీలు తూకానికి వేశాడు. ఒకసారి మాస్టర్‌మోశాయ్ రాణాఘాట్ స్టేషన్లో మూరీ, అంటే మరమరాలు, కొనుక్కుంటే, పొట్లం విప్పేసరికి అది తన పుస్తకంలో నూట పద్నాలుగో పేజీట. ఎద్దు ముద్ర బొమ్మ మీద ఆవనూనె మరక. ఆ కాగితం ఆయన జేబులోనే ఉండేది. తన ఇంట్లో కాపీ వరదలో పోయింది. ఇంకెక్కడా ఉన్నట్టు ఆయనకి తెలియదు. మా అలమరలో ఉన్నదే ఆఖరుది.

మట్టి ముద్రల పుస్తకానికి తేదీ ముద్రలు ఎన్నున్నాయని ఆయన అడిగితే తీసి చూశాను. మూడు.

అప్పటినుంచి ప్రతి మంగళవారం కృష్ణనగర్ లోకల్ రైల్లో సియాల్దా స్టేషనుకి వచ్చి, అక్కణ్ణుంచి బస్సులో వేలాడి, పదకొండుకి నా ఎదుట నిలబడి తెల్లచీటీ రాసేవాడు. తన పుస్తకం తానే తెప్పించుకుని, కిటికీ పక్కన కూర్చుని, నాలుగింటిదాకా చదివి ఇచ్చేవాడు. మిగతా చదువరుల్ని కూడా అడగమనండి, తలా ఒక ముద్ర పడుతుంది అని సలహా ఇచ్చాను. అడుక్కోవడం తనకి రాదన్నాడు. అడుక్కోవడం రాదు గాని సరిదిద్దడం బాగా వచ్చు. ప్రతివారం కళ్లజోడు పైకి తోసి, “రావూ, ముద్ర వంకరగా పడింది” అనేవాడు. ఒకరోజు నలుగురు వింటుండగా నా కార్డులు తీసి చూపించి, ఈ చేతిరాత మా స్కూల్లో రాసి ఉంటే బెంచీ ఎక్కించేవాణ్ణి అన్నాడు. అందరూ నవ్వారు. నలుగుర్నీ నవ్వించడం నా పని. నా పని ఇంకొకడు చేస్తే, అదీ నా మీదే చేస్తే, నాకు ఒళ్లు మండుతుంది.

ఫిబ్రవరి మొదటివారానికి పన్నెండు మంగళవారాలు గడిచాయి. పదిహేను ముద్రలు. ఇంకో ఐదు కావాలి, ఎనిమిది వారాలు చేతిలో ఉన్నాయి. నెగ్గేశాడు ముసలాయన. అప్పుడు నేను గులాబిచీటీ తీశాను.

దాని మీద డాక్టర్ హోరిగుచి, క్యోటో, జపాన్ అని రాశాను, బెంచీ ఎక్కించని చేతిరాతతో, గుండ్రంగా. పేరులోనే గుచ్చడం ఉంది, చూడండి. చీటీ పుస్తకంలో పెట్టి అరలో నిలబెట్టాను. చీటీతో చీటింగు అన్నమాట. మంగళవారం మాస్టర్‌మోశాయ్ వచ్చి తెల్లచీటీ ఇచ్చాడు. నేను విచారంగా మొహంపెట్టి, పుస్తకం వేరొకరి కోసం ఆపి ఉంచామండీ, జపాన్ నుంచి ఎవరో పండితుడు వస్తున్నాడు, ఉత్తరం రాశాడు అన్నాను.

ఆయన కోప్పడతాడనుకున్నాను. గొడవ పడితే ఓ అరగంట వినోదం, తర్వాత చీటీ తీసేద్దామనుకున్నాను. ఆయన కౌంటరు అంచు పట్టుకున్నాడు. అరలో ఉన్న పుస్తకాన్ని దూరం నుంచే చూశాడు. ఆ పేరు చదివి వినిపించమన్నాడు. రెండోసారి కూడా చదివించుకున్నాడు.

“ఆయనకి నా పుస్తకం సంగతి ఎలా తెలిసిందంటావ్?” అన్నాడు.

పెద్దవాళ్లు కదండీ, వాళ్లకి అన్నీ తెలుస్తాయి అన్నాను. వెనక గుణధర్ ఖైనీ మింగేశాడో ఏమో, దగ్గుతూ లోపలికి పరిగెత్తాడు.

మాస్టర్‌మోశాయ్ తన ఐదు ముద్రల మాట ఎత్తాడు. పుస్తకం అరలో ఉంటే తనకి రాదు, తనకి రాకపోతే ముద్ర పడదు. మరి ఈ ఆపి ఉంచడం లెక్కలోకి వస్తుందా అని అడిగాడు. లెక్కలోకి వచ్చేది పుస్తకం బల్ల మీదికి వెళ్లినప్పుడు కొట్టే ముద్ర ఒక్కటే. గులాబిచీటీకి ఏ లెక్కా లేదు. అది నాకు తెలుసు. ఆయనకి తెలియదు.

“ఒక్క జపాన్ చీటీ మన ముద్రలు పదింటికి సమానం మాస్టర్‌మోశాయ్” అన్నాను.

జోకు వేసినప్పుడు నేను కనుబొమలు ఎగరేస్తాను. ఆ రోజూ ఎగరేశాను. ఆయన చూసింది నా కనుబొమల్ని కాదు, వెనక అరని.

“అయితే నాకు ఇవ్వొద్దు,” అన్నాడు. “ఆయన వచ్చేసరికి సిద్ధంగా ఉండాలి.”

ఆ తర్వాత మంగళవారాలు మా లైబ్రరీలో పండగ రోజులు. మాస్టర్‌మోశాయ్ ఇస్త్రీ పంచె కట్టుకుని వచ్చేవాడు. కిటికీ పక్కన కూర్చుని గుమ్మం వైపు చూసేవాడు. కింద టికెట్ల దగ్గర జపానువాడిలా కనబడినవాణ్ణల్లా గుణధర్ మెట్ల దాకా తీసుకొచ్చి వదిలేవాడు. మణిపూర్ నుంచి వచ్చిన ఒక అటవీశాఖ ఉద్యోగికి మాస్టర్‌మోశాయ్ నడుం వంచి దణ్ణం పెట్టాడు. ఆ రోజు సమాద్దార్ అందరికీ సమోసాల్లాంటి సింగాడాలు తెప్పించి, రావుదా లేకపోతే ఈ ఆఫీసులో బతకడం కష్టం అన్నాడు. నేను నాలుగు తిన్నాను.

మాస్టర్‌మోశాయ్ వట్టినే కూర్చోలేదు. తన పుస్తకం తనకి కంఠస్థం. పేజీ పేజీ గుర్తుచేసుకుంటూ అచ్చుతప్పులూ, తాను చేసిన తప్పులూ ఒక నోటుబుక్కులో పట్టిక వేయడం మొదలెట్టాడు. అంత దూరం నుంచి వచ్చే మనిషికి తప్పుల పుస్తకం ఇవ్వడం మర్యాద కాదట.

మార్చి మూడో తారీఖు మంగళవారం. గులాబిచీటీకి మూడు వారాల గడువు ఆ రోజుతో తీరింది. నెలాఖరుదాకా సరిగ్గా ఐదు మంగళవారాలు, ఆ రోజుతో కలిపి. వేళ్ల మీద లెక్కపెట్టాను కూడా. చీటీ చింపేసి, జపానాయన రానన్నాడండీ, మీ పుస్తకం తీసుకోండి అంటే చాలు. ఐదుకి ఐదూ పడతాయి. అప్పుడే మాస్టర్‌మోశాయ్ మెట్లెక్కి వచ్చి, జపాన్‌లో పెద్దవాళ్లని ఏమని పిలుస్తారు రావూ అని అడిగాడు. గుణధర్, సమాద్దార్, జెరాక్సు మిషన్ దగ్గర కూర్చునే మీనతీ దీది, ముగ్గురూ నా మొహంలోకి చూస్తున్నారు, నేనేమంటానా అని.

రెండో చీటీ రాశాను.

ఇరవై నాలుగున మూడోది రాశాను. అప్పటికి అదీ నా ఉద్యోగంలో ఒక పనైపోయింది.

మార్చి ముప్పై ఒకటి కూడా మంగళవారమే పడింది. పొద్దున్నుంచీ సమాద్దార్ ఎర్ర పెన్సిలు పట్టుకుని ఒక్కో పుస్తకం చివరి కాగితం చూసి, లెక్క తక్కువైతే టిక్కు పెడుతున్నాడు. గుణధర్ వాటిని తోపుడుబండిలోకి విసురుతున్నాడు. పదకొండుకి మాస్టర్‌మోశాయ్ వచ్చాడు. చేతిలో పాంతువాలనే పాకం మిఠాయిల కుండ, రాణాఘాట్ నుంచి ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. ఇంకో చేతిలో నోటుబుక్కు. బండిలో పైనే తన పుస్తకం కనబడింది. గులాబిచీటీ ఇంకా దాంట్లోనే ఉంది.

ఆయన కంగారు పడలేదు. గుణధర్‌తో నెమ్మదిగా, బాబూ, అది పొరపాటున పడినట్టుంది, క్యోటో ఆయన కోసం ఆపింది అన్నాడు. గుణధర్ సమాద్దార్ వైపు చూశాడు. సమాద్దార్ చివరి కాగితం తిప్పి, పదిహేనే ఉన్నాయి కదా మాస్టర్‌మోశాయ్, ఆపి ఉంచడాలు లెక్కకి రావని మీకు తెలీదా అన్నాడు.

“పదింటికి సమానమని రావు చెప్పాడు.”

సమాద్దార్ పడి పడి నవ్వాడు. మనిషిలో విషం లేదు. ఈయనకి కూడా తెలిసే ఉంటుంది, కలిసి నవ్వుకుందాం అనుకున్నాడు.

“ఏ హోరిగుచి మాస్టర్‌మోశాయ్? మన రావే హోరిగుచి. రెండు నెలల్నుంచీ ఆఫీసంతా చూస్తున్న నాటకం ఇది. మీకు తెలీకుండానే వేషం వేశారా?”

మీనతీ దీది నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మాస్టర్‌మోశాయ్ కుండని కౌంటరు మీద పెట్టాడు. నా వైపు చూస్తాడనుకుని నేను కలం మూత వెతుక్కున్నాను. ఆయన నా వైపు చూడలేదు. తెల్లచీటీల కట్టలోంచి ఒకటి లాగి, నంబరు వేసి, పేరు రాసి, సంతకం చేసి ముందుకి తోశాడు.

“ఈవేళ మంగళవారం. నాకొకటి రావాలి.”

నాలుగింటికి బండి బయల్దేరుతుంది, అందాకా చదువుకోండి అన్నాడు సమాద్దార్ ఉదారంగా. నేను గులాబిచీటీ తీసేసి ముద్ర కొట్టాను. పదహారు. వంకరగా పడింది. ఆయన చూశాడు. పుస్తకం తీసుకుని కిటికీ పక్కకి వెళ్లాడు.

నాలుగింటిదాకా చదవలేదు, బొమ్మలే తిప్పాడు. ఒక్కో బొమ్మ దగ్గర కళ్లజోడు తీసి, ముక్కు ఆనించేంత దగ్గరగా చూసి, మళ్లీ పెట్టుకుని పేజీ తిప్పేవాడు. గుణధర్ వచ్చి నిలబడితే ఇంకో ఇరవై ఉన్నాయన్నాడు. గుణధర్ ఆగాడు. నిజం చెప్పాలి, ఆ పూట ఆ భవనంలో గుణం ధరించినవాడు వాడొక్కడే.

పుస్తకం బండిలో తానే పెట్టి, మాస్టర్‌మోశాయ్ కౌంటరు దగ్గరికి వచ్చాడు. నోటుబుక్కు నా ముందు పెట్టాడు.

“తీసుకో. నీ కోసమే రాశాను కదా.”

మాస్టర్‌మోశాయ్, నేను ఊరికే, అని ఏదో మొదలెట్టాను.

“జపాన్ దాకా పంపే పని తప్పింది,” అన్నాడు. గొడుగు తీసుకుని మెట్లు దిగాడు.

పాంతువాలు ఎవరూ ముట్టుకోరనుకున్నాను. ఐదుంబావుకి గుణధర్ కుండ కడిగి తెచ్చి, దీన్ని నీళ్లకి వాడుకోవచ్చా రావుదా అన్నాడు. నేను రెండు తిన్నాను.

తర్వాత మంగళవారం పదకొండుకి నేను గుమ్మం వైపు చూశాను. ఆ పైవారం కూడా చూశాను. మే నెలలో చూడ్డం మానేశాను.

ఆగస్టులో వానలు పట్టుకున్నాక హౌరా వెళ్లాను. నోటుబుక్కు సంచీలో ఉంది. ఆ తప్పులన్నీ పుస్తకంలో దిద్ది, ఎలాగోలా మళ్లీ మా లైబ్రరీ అలమరలో దూర్చేద్దామని ఉద్దేశం. మంచివాణ్ణయిపోదామని కాదు. ఆఫీసులో జోకులు వేస్తే నోరు చేదుగా ఉంటోంది, అందుకని. గోడౌను కాపలాదారు టార్చి ఇచ్చి తాను బయటే ఉండిపోయాడు. లోపల మట్టి వాసన. రెండు గంటలు వెతికితే దొరికింది. అట్ట పట్టుకుంటే తేలిగ్గా లేచింది, కిందిది కింద ఉండిపోయింది. చదువరులు రాని చోటికి చెదవరులు వచ్చి వెళ్లారు. రెండువందల పన్నెండు బొమ్మలున్న చోట మట్టి గూడు, గుప్పిట్లో పట్టేంత. చివరి అట్ట మీది కాగితం మాత్రం పాడవలేదు. నా సిరా వాటికి రుచించలేదేమో. పదహారు తేదీలూ వరసగా ఉన్నాయి, ఆఖరిది మరీ వంకరగా.

నోటుబుక్కు ఇప్పుడు నా సొరుగులో ఉంది. అరవై ఒక్క దిద్దుబాట్లు. పేజీ నంబరు, వరస నంబరు, ఉన్నది, ఉండవలసింది, అన్నీ ముత్యాల్లాంటి రాతలో గళ్లు గీసి ఉంటాయి. ఆఖరిది ఇలా ఉంది:

‘అరవై ఒకటి. మొదటి పేజీ. రచయిత పేరు కింద, బొమ్మలు కనకలత లాహిరి అని ఉండాలి. లేదు. అచ్చువేసినవారిది కాదు, తప్పు నాది. డాక్టర్ హోరిగుచి గారు దయచేసి తమ కలంతో రాసుకోవాలి.’