ఈసారి పిండి నువ్వు కలుపు

ఆస్ట్రేలియాలో డార్లింగ్ నది ఒడ్డున మా ఊరి మునిసిపాలిటీ తోటల విభాగంలో ఇరవై ఒక్కమందిమి. ఇరవైమందిమి తెల్లవాళ్ళం. ఒక్కతే ఆదివాసీ, నోరీన్ ఆంటీ. ఏటా ఆదివాసీలతో సయోధ్య వారమని టీ విందు వచ్చిందంటే సమానత్వం పేరిట సామానంతా ఆవిడే మోసేది. బొగ్గుల మీద డ్యాంపర్ రొట్టె కాల్చడం ఆవిడ, టీ కాచడం ఆవిడ, "మీవాళ్ళకు ఇంకా ఏం కావాలి?" అంటే జవాబు చెప్పడమూ ఆవిడే. మా పనల్లా జామ్ అడిగి పూసుకుని, తలలూపుతూ తినడం.

రెండేళ్ళ కిందట సూపర్‌వైజర్ ఇంటర్వ్యూలు సరిగ్గా ఆ టీ పూటే పెట్టారు. ఆవిడ టీకి వెళ్ళింది, నేను పోటీకి వెళ్ళాను. నాకు పదవి దక్కింది, ఆవిడ పెదవి బిగించింది. ఆకు వాసన చూసి చెట్టు జబ్బు చెప్పే మనిషి! నాకైతే ముల్లు గుచ్చుకుంటేగాని గులాబీ అని తెలీదు.

ఈ ఏడు నా రెండేళ్ళ గడువు తీరింది. మళ్ళీ ఇంటర్వ్యూలు. మళ్ళీ అదే పూట, పదింటికే.

"టీ మీదే కదా ఆంటీ," అన్నాడు మేనేజర్ గ్రేయమ్. "సమానత్వాన్ని మీరు ముందుండి నడిపిస్తేనే అందం."

"ఇరవై ఏళ్ళుగా నడుపుతున్నా బాబూ, బండి పొయ్యి దాటలేదు." ఆవిడ పిండిగిన్నె నా ఒళ్ళో పెట్టింది. "ఒరేయ్ డెస్, ఈసారి నువ్వు కలుపు."

"నాకు రాదాంటీ!"

"నాకూ పుట్టుకతో రాలేదురా. మా అమ్మ తిట్టి నేర్పింది. కావాలంటే రెండు తిట్లు ఇచ్చి పోతా."

"నాకూ ఇంటర్వ్యూ ఉందిగా?"

"కిందటిసారి నాకూ ఉండింది."

గిన్నె పట్టుకుని లేచాను. ఆవిడ ఇంటర్వ్యూకి మెట్లెక్కి వెళ్ళింది, నేను బొగ్గులు రాజేశాను.

పదింటికి అందరూ వచ్చారు. ఆంటీ లేదు, రొట్టె మాడింది. "మరి ఇవాళ జవాబులెవరు చెబుతారు?" అన్నారెవరో.

"నేను చెబుతా," అన్నాను. "ఆవిడ ఇక్కడ మనకు టీ పోస్తుంటే నేను పైన కుర్చీ ఎక్కాను. తెలిసే ఎక్కాను. దిగొచ్చి జామ్ కూడా అడిగాను."

ఎవరూ నమల్లేదు. రొట్టె గట్టిదనం కొంత కారణం. చేతులు దులుపుకోవడం గ్రేయమ్‌కు కొత్త కాదుగాని, ఆ పూట కడుక్కొచ్చాడు. "ఆ గిన్నె ఇటివ్వు, నేను కలుపుతా," అన్నాడు.

పదకొండింటికి ఆంటీ దిగింది.

"ఏమన్నారాంటీ?"

"శుక్రవారం చెబుతారట." ముక్క కొరికింది. "పైన మాడు, లోపల పచ్చి. అచ్చం మన ఆఫీసే. వచ్చే ఏడు మంట తగ్గించు."

"నీకు పదవి వచ్చినా రాకపోయినా పిండి కలిపేది నేనేనా?"

"వచ్చినా రాకపోయినా," అని కుర్చీలో చేరగిలబడి జామ్ అడిగింది.