కంపెనీవారి తొట్టి

కంకిపాడు అవతల ఒక ఊళ్ళో విదేశీ కంపెనీ రొయ్యల ఫ్యాక్టరీ పెట్టినప్పుడు అందరికంటే ముందు పనిలో చేరింది హన్నమ్మే. ఆ కంపెనీది ఏ దేశమో ఆమెకు తెలియదు. తాము వలిచిన రొయ్యలు ఐసు డబ్బాల్లో కూర్చుని ఓడెక్కి పోతాయని తెలుసు. తలకాయలూ, తొక్కలూ, కడిగిన నీళ్ళూ మాత్రం ఎక్కడికీ పోవు. గొట్టంలోంచి నేరుగా ఊరి కాలవలోకి వస్తాయి. కాలవ మీద నురగ, నురగ మీద తెట్టు, తెట్టు మీద ఈగలు. గేదెలు రేవు దాకా వచ్చి, మూతి చాపి, ఛీ అన్నట్టు వెనక్కి తిరుగుతాయి. అన్నం ముద్ద నోటి దగ్గరికి తెచ్చుకుంటే తన వేళ్ళకే ఆ కంపు. హన్నమ్మ సబ్బు అరగదీసింది గానీ వాసన అరగలేదు.

ఈ కంపుతో ఎలాగో కాపురం చేసేదే. మనవరాలు బ్లెస్సీ బాప్తిస్మం దగ్గరికొచ్చేసరికి మాత్రం ప్రాణం మీదికి వచ్చినట్టయింది. తల్లీ తండ్రీ లేని పిల్లను ఈ రోజు కోసమే అన్నట్టు పెంచుకొచ్చింది. ఏటా కాలవలకు నీళ్ళు వదిలాక ఆ ఊరి చర్చి సంఘంవాళ్ళు రేవులో బాప్తిస్మాలు పెట్టుకుంటారు. హన్నమ్మ మునిగింది అక్కడే, ఆమె మొగుడు మునిగింది అక్కడే. ఇప్పుడా నీళ్ళలోకి పిల్లను తెల్లచీర కట్టి ఎలా దింపుతుంది?

"గొట్టం కట్టేయమని అడగండి అయ్యగారూ," అంది పాస్టరు ఆమోసుగారితో. ఆయన మెత్తటి మనిషి. చొక్కా గుండీలన్నీ పెట్టుకుని ఫ్యాక్టరీకి వెళ్ళాడు. గొట్టం సంగతి వదిలేసి, బాప్తిస్మాలకు తొట్టి ఒప్పుకుని వచ్చాడు.

"చర్చి ఆవరణలో వాళ్ళే కట్టిస్తారంటమ్మా. పలకరాళ్ళు కూడా వేయిస్తారంట."

"మరి కాలవో?"

"దాని సంగతి తర్వాత చూద్దామన్నారు."

తొట్టి లేచింది. నీలిరంగు పలకరాళ్ళు, స్టీలు మెట్లు, ఎదురు గోడ మీద మనిషెత్తున కంపెనీ పేరు, పేరు కింద నవ్వే రొయ్య బొమ్మ.

హన్నమ్మ పక్కన కూర్చుని రొయ్యలు వలిచే స్టెల్లా చూసి కిసుక్కున నవ్వింది. "వదినా, ఇది మన ఫ్యాక్టరీ తొట్టిలాగే లేదూ? మనల్నీ కడిగి, ఐసు కొట్టి, ఓడెక్కిస్తారేమో!"

"మనల్నెవరు తింటారే? తొక్కలం," అంది హన్నమ్మ.

ఆదివారం ట్యాంకరుతో మంచినీళ్ళు పోశారు. కంపెనీ మేనేజరు ఉమామహేశ్ ఒక తెల్లదొరను వెంటబెట్టుకుని వచ్చాడు. ఫోటోలు తీసేవాడు కుర్చీలు జరిపించాడు, ముసలాళ్ళను వెనక్కి పంపాడు. అంతలో కాలవ మీద నుంచి గాలి తిరిగింది. దొర జేబురుమాలు ముక్కుకు పెట్టుకుని ఏదో అడిగాడు. ఉమామహేశ్ చెయ్యి ఊపుతూ ఇంగ్లీషులో జవాబు చెప్పాడు.

"ఏమంటాడే?" హన్నమ్మ బ్లెస్సీని మెల్లగా అడిగింది. ఆ పిల్ల ఇంటర్ చదువుతోంది.

బ్లెస్సీ తల దించుకుంది. "ఊళ్ళోవాళ్ళకి శుభ్రం తెలీదంట మామ్మా. గేదెల కంపంట."

హన్నమ్మ పళ్ళు బిగించి కూర్చుంది. నీళ్ళు మంచివి, పిల్ల మునిగి లేస్తే చాలు అనుకుంది.

మొదట ఫిన్నీ అనే కుర్రాడు దిగాడు. ఆమోసుగారు అతని వీపు కింద చెయ్యి వేసి, తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామమున ముంచి లేపాడు. జనం హల్లెలూయా అన్నారు. ఫిన్నీ మొహం మీద నీళ్ళో కన్నీళ్ళో తెలియకుండా కారుతున్నాయి.

"పాస్టర్ గారూ, వన్ మినిట్!" ఉమామహేశ్ ముందుకొచ్చాడు. "మీ వీపు అడ్డమొచ్చి గోడ మీద పేరు ఫోటోలో పడలేదంట. కొంచెం ఇటు తిరిగి, మళ్ళీ ఒకసారి ముంచేయండి."

హల్లెలూయా సగంలో ఆగిపోయింది. బాప్తిస్మం మనిషికి ఒక్కసారే. చావు ఒక్కసారి అయినట్టే అదీ ఒక్కసారే. పుస్తకం చదవడం రాని ముసలమ్మకైనా తెలిసిన మాట అది. ఆమోసుగారు గోడ వైపు చూశాడు. కొంచెం ఇటు తిరిగాడు. ఫిన్నీని మళ్ళీ ముంచాడు.

"సూపర్! నెక్స్ట్?" అన్నాడు ఉమామహేశ్.

బ్లెస్సీ తెల్లచీర కుచ్చెళ్ళు పట్టుకుని స్టీలు మెట్టు మీద కాలు పెట్టబోయింది. హన్నమ్మ లేచి, పిల్ల రెక్క పట్టుకుని వెనక్కి లాగింది.

"దిగమాకు."

"ఏంటమ్మా, లేటవుతోంది," అన్నాడు ఉమామహేశ్.

"బాబూ, ఆ కంపు గేదెలది కాదు. నా చేతుల్ది. మీ రొయ్యలు వలిచిన చేతుల్ది. కావాలంటే దొరగార్ని వాసన చూడమను." రెండు చేతులూ చాపింది. ఎర్రగా ఒరుసుకుపోయి, వేళ్ళ సందుల్లో తెల్లగా నానిపోయిన చేతులవి. దొర ఒక అడుగు వెనక్కి వేశాడు. హన్నమ్మ తుపుక్కున నేల మీద ఉమ్మి, పిల్లను తీసుకుని గేటు దాటింది.

ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కాలవ గట్టు ఎక్కేసరికి వెనక తడిబట్టల చప్పుడు. ఆమోసుగారు రొప్పుతూ వస్తున్నాడు.

"హన్నమ్మా, ఆగమ్మా. గొట్టానికి ఎగువన, లాకుల కాడ నీళ్ళు తేటగానే ఉంటాయి. అక్కడ ఇస్తాను పిల్లకి. పదండి."

"ఇద్దురు గానీ. ముందు వెనక్కెళ్ళండి."

"ఎందుకమ్మా?"

"ఆ ఫిన్నీగాడు తొట్టి పక్కన వణుక్కుంటా కూర్చున్నాడు, దేవుడి లెక్కలో తానేమయ్యాడో తెలీక. వాడికి చెప్పి రండి. చెవిలో కాదు, అందరూ వినేట్టు."

ఆయన చర్చి వైపు చూశాడు. కాలవ మీద ఈగలు చూశాడు. చివరికి తడి పంచె పైకి పట్టుకుని వెనక్కి నడిచాడు.

కాసేపటికి మైకు గరగరమంది.

"నాయనా ఫిన్నీ," ఆమోసుగారి గొంతు వినిపించింది. "నీకు మొదటిదే బాప్తిస్మం. రెండోది... రెండోది ఫోటో. అది పాపం. నాది."

ఠప్పున మైకు ఆగిపోయింది. ఎవరో తీగ పీకేశారు.

"ఇక పద," అంది హన్నమ్మ. ముక్కు మీద కొంగు తీయకుండానే, పిల్ల చెయ్యి పట్టుకుని ఎగువకు నడిచింది.