చూస్తానమ్మా

లాబ్రడార్ ముందుకాలు ఒళ్లో పెట్టుకుని పట్టాభిరామయ్య దాని గోళ్లు కత్తిరిస్తున్నాడు. యాభై ఆరేళ్ల మనిషి. కుడి భుజం కాస్త కిందికి వాలి ఉంటుంది. అడ్డం తిరిగిన దూడలను లాగీ లాగీ అలా అయింది. ఇక్కడికి వచ్చే కుక్కల యజమానులకు ఆ సంగతి తెలియదు. ఆయన్ను కాంపౌండరనుకునేవాళ్లే ఎక్కువ.

శంషాబాద్ హైవే పక్కనున్న ఆ జంతువుల ఆసుపత్రిని మూడు నెలల క్రితం ఒక కంపెనీ కొన్నది. పాత యజమాని దగ్గర అంతా నోటి మాట మీదే నడిచింది. కొత్తవాళ్లు నిన్న సాయంత్రం పన్నెండు పేజీల ఒప్పందపత్రం చేతికిచ్చి, ఇవాళ మధ్యాహ్నంలోగా సంతకం పెట్టమన్నారు. తొమ్మిదో షరతు దగ్గర ఆయన ఆగిపోయాడు. ఉద్యోగంలో ఉండగా బయట ఏ జంతువుకూ, ఉచితంగానైనా సరే, వైద్యం చేయకూడదు.

తెనాలి వైపు నుంచి వచ్చి, ప్రభుత్వ ఉద్యోగం కోసం చూసి చూసి వయసు దాటబెట్టుకున్నాడు. కాంట్రాక్టు మీద మూడు జిల్లాలు తిరిగాడు. పద్నాలుగేళ్లుగా ఆదివారమైతే స్కూటరేసుకుని మంఖాల్ వెళ్తాడు, బర్రెలను చూస్తాడు, ఎవరింట్లోనో జొన్నరొట్టె తిని వస్తాడు. ఆయన కనపడగానే మంచం వాల్చే ఊరు అదొక్కటే.

పదకొండింటికి కంపెనీ లాయరు సంయుక్త డాక్టర్లను కూర్చోబెట్టి ఒప్పందాల గురించి చెప్పింది. ఒకరు అడగాలి, రెండోవాళ్లు స్పష్టంగా ఒప్పుకోవాలి, అప్పుడే అది ఒప్పందం. ఎవరైనా ఫోన్లో రమ్మంటే ‘చూస్తాను’ అనండి, అది ఒప్పుకున్నట్టు కాదు, రేపు మీమీద కేసు నిలవదు అంది. మిగతావాళ్లు నవ్వారు. అందరూ లేచాక పట్టాభిరామయ్య ఆమె దగ్గరికి వెళ్లి, గత్యంతరం లేక పెట్టిన సంతకం చెల్లుతుందా అని అడిగాడు.

“ఎవరైనా బెదిరించారా సార్?”

“లేదమ్మా.”

“అయితే చెల్లుతుంది. అవసరం బలవంతం కిందికి రాదు.”

తొమ్మిదో షరతు గురించి కూడా ఆమె దాచకుండా చెప్పింది. ఉద్యోగం మానేస్తే ఆయన ఇష్టం, ఉన్నన్నాళ్లూ కట్టుబడాల్సిందే. ఈ వయసులో ఇంకెవరు పిలిచి ఉద్యోగమిస్తారండీ అని భార్య లలితకుమారి పొద్దున్నే అంది. ఆయన పన్నెండు పేజీల మీదా సంతకం పెట్టాడు.

అరగంట కాకుండానే మంఖాల్ నుంచి భారతమ్మ ఫోన్ చేసింది. ఒంటరి మనిషి, ఒక్క బర్రె మీద బతుకుతోంది. ఆ బర్రె పుట్టినప్పుడు దాన్ని తల్లి కడుపులోంచి లాగింది ఆయనే.

“సారూ, బర్రె ఈనుతలేదు. రాత్రి నుంచి ఒకటే తండ్లాడుతున్నది. జర రావాలె.”

గర్భసంచి మెలిక పడి ఉంటుందని వినగానే అనిపించింది. చెయ్యిపెట్టి మెలిక ఎటున్నదో చూసి, బర్రెను అటే పొర్లించాలి. ఫోన్లో చెప్పే పని కాదు. గాజు తలుపు అవతల మేనేజర్ వరప్రసాద్ ఆ పన్నెండు పేజీలకూ పిన్ను కొడుతున్నాడు.

“చూస్తానమ్మా,” అన్నాడు పట్టాభిరామయ్య.

తర్వాత వెళ్లి రెండు గంటలు సెలవడిగాడు. వరప్రసాద్ విసుక్కోలేదు. ఎందుకో కనుక్కుని, ఇవాళే కదా సార్ సంతకం పెట్టారు అన్నాడు. పట్టాభిరామయ్య బయటికి వచ్చి రెండుసార్లు ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. రాలేనన్న మాట ఆ ఊరితో ఎన్నడూ అనలేదు. ఫోన్ మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఒక పిల్లి చెవి కడిగాడు, రెండు కుక్కపిల్లలకు టీకాలు వేశాడు. మూడింటికి సిరంజిలోకి మందు ఎక్కిస్తుంటే సీసా జారింది. నేల తుడిచాడు. ఐదున్నర దాకా భారతమ్మ మళ్లీ ఫోన్ చేయలేదు. అది మంచికో చెడుకో తేల్చుకోలేకపోయాడు.

డ్యూటీ దిగాక స్కూటర్ ఇంటివైపు తిప్పలేదు. మంఖాల్ చేరేసరికి పొద్దు వాలింది. కొట్టంలో బర్రె పక్కకు ఒరిగి పడుకుని ఉంది. మెడ చాచింది, కళ్లు తెరుచుకునే ఉన్నాయి. ఆయన మోకాళ్ల మీద కూర్చుని కడుపు మీద చెయ్యి వేశాడు. చల్లగా ఉంది. లోపల దూడ కూడా కదలడం లేదు.

భారతమ్మ గుంజకు ఆనుకుని కూర్చుంది. ఏడవడం అయిపోయిన ముఖం. పక్కింటి జగదీశ్ కందుకూరు డాక్టర్ని పిలుచుకొస్తానని బండి తీశాడట, ఈమే వద్దందట.

“నువ్వొస్తున్నవని చెప్పిన సారూ,” అంది. “మల్ల ఇంకొకళ్లను పిలిస్తే నీకు మంచిగుండదని.”

ఆయన నోరు తెరిచాడు. లాయరమ్మ నేర్పిన జవాబు నాలుక దాకా వచ్చింది. దాన్ని మింగేశాడు. చేతులు చంకల్లో దాచుకున్నాడు. భారతమ్మ లేచి, దూరం పోవాలె కదా, చీకటి పడకముందే బయలుదేరమంది. ఆమె మంచం వాల్చలేదు. వాల్చమని అడిగే ముఖమూ ఆయనకు లేదు.

స్కూటర్ చప్పుడు దూరమయ్యాక భారతమ్మ కొట్టం వైపు చూసింది. గోడ వారన, డాక్టరు చేతులు కడుక్కోవడానికని మధ్యాహ్నం కాచిపెట్టిన నీళ్లు బకెట్లో చల్లారిపోయి ఉన్నాయి. బకెట్ అంచు మీద, కాగితం కూడా విప్పని కొత్త సబ్బు.