హానా థర్లోకి పని దొరుకుతుందా

యార్క్‌లో గాలి తూర్పు నుంచి వీచిందంటే ఊరంతా కోకో వాసన. ఆ వాసనలో పుట్టి పెరిగిన ఐవీ గార్బట్‌కి అదొక వాసనని కూడా తెలియదు. థర్లో వారి చాక్లెట్ ఫ్యాక్టరీలో, చాక్లెట్లు ముంచే గదిలో ఆమె పని. ఎదురుగా పాలరాతి బల్ల, దాని మీద గోరువెచ్చగా కరిగిన చాక్లెట్. అల్లం ముక్కనో గులాబీ పాకం ఉండనో వేళ్లతో అందులో ముంచి తీసి, పళ్లెంలో పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకునే రెప్పపాటులో పైన వేలికొనతో ఒక గుర్తు గీస్తుంది. అల్లానికి అల, గులాబీకి సుడి, కాఫీకి రెండు గీతలు. లోపల ఏముందో ఆ గుర్తే చెబుతుంది. మధ్యాహ్నం అయ్యేసరికి చేతులు ఐవీని వదిలేసి వాటంతట అవే తిరిగేవి. అప్పుడు ఆమె ఎక్కడెక్కడికో వెళ్లి వచ్చేది. ఒకసారి సముద్రం మీద నడిచి వచ్చానని చెప్పింది కూడా. ఆ తేలిపోవడం కోసమే బతికేదంటే నమ్మండి.

చిక్కంతా శనివారంతో వచ్చింది. శనివారం ఆమె పెళ్లి. థర్లో వారి దగ్గర పెళ్లయిన ఆడదానికి పని ఉండదు. పెళ్లికి ముందు రోజు ఒక బైబిలూ ఒక తెల్ల పువ్వూ చేతిలో పెట్టి సాగనంపుతారు. కోపంతో కాదు, ప్రేమగానే. ఇంక హాయిగా ఇంటిపట్టున ఉండమ్మా అంటారు. ఆ హాయి నీకు కావాలా అని మాత్రం ఏ మహానుభావుడూ అడగడు.

పెళ్లికొడుకు సిరిల్ రైల్వేలో సిగ్నళ్లు చూసే మనిషి. మాట తక్కువ, మనసు మంచిది. అతనంటే ఐవీకి ప్రాణం. అయినా క్రిస్మస్ రద్దీ తగ్గనీ, ఈస్టర్ చాక్లెట్ గుడ్ల పని అయిపోనీ అంటూ ఏళ్లు దొర్లించేసింది. ముప్పై దాటి చాలాకాలమయ్యాక ఈ వసంతంలో ఊఁ అంది. అన్న రోజు నుంచీ ఆమెకి తిండి సయించడం లేదు.

"ఏమే, పెళ్లికూతురివా, జబ్బుమనిషివా?" అంది పక్క బల్ల దగ్గర మేబెల్. మేబెల్ మొగుడు పోయాక మళ్లీ పనిలో చేరింది. విధవలకి అడ్డు లేదు.

"నాకు రెండూ కావాలక్కా. అతనూ కావాలి, ఈ బల్లా కావాలి."

"అయితే నాలాగా మొగుణ్ణి సాగనంపి రా. నీ సిరిల్ చూస్తే దుక్కలా ఉన్నాడు. నీకంత అదృష్టం పట్టదులే."

ఐవీ నవ్వింది గానీ కళ్లు తుడుచుకుంది. చేతికున్న చాక్లెట్ కాస్తా బుగ్గకి అంటుకుంది.

శుక్రవారం సాయంత్రం కంపెనీ పుట్టినరోజు. ఏటేటా భోజనాల హాలులో అందరికీ టీ, కేకూ పెట్టి, యజమాని జొసాయా థర్లో గారు తమ నాయనమ్మ కథ చెబుతారు. అందరికీ కంఠతా వచ్చిన కథే. తాతగారు దుకాణం పెట్టి అప్పుల్లో మునిగితే, నాయనమ్మ హానా వెనక వంటింట్లో కోకో దంచి, చక్కెర కలిపి, మొదటి చాక్లెట్లు చేసింది. చంకలో బిడ్డ, చేతిలో గరిటె. ఏది ఏదో కలిసిపోకుండా గోటితో మొదటి గుర్తు గీసింది కూడా ఆవిడే.

ఆ మెత్తటి గొంతు వింటూ వింటూ ఐవీ ఎప్పటిలాగే తేలిపోయింది. మసి పట్టిన వంటింట్లోకి వెళ్లింది. అక్కడ చెమటలు కక్కుతూ ఒకావిడ నిలబడి ఉంది. బిడ్డ ఏడుస్తున్నాడు. ఆవిడ తలెత్తకుండానే, "చూస్తూ నిలబడ్డావేం పిల్లా, అడుగంటుతోంది, ఓ చెయ్యి వెయ్యి" అంది. ఐవీ గరిటె అందుకుంది. అందుకుంటూ ఆవిడ చేతి వేలికి పెళ్లి ఉంగరం చూసింది.

"లేవవే, నిన్నే పిలుస్తున్నారు" అని మేబెల్ మోచేత్తో పొడిచింది.

హాలంతా చప్పట్ల మధ్య ఐవీ వేదిక ఎక్కింది. జొసాయా గారు బైబిలు ఆమె చేతిలో పెట్టి, "ఒక మాట చెప్పమ్మా" అన్నారు. వెళ్లిపోయే పిల్లలందరూ ధన్యవాదాలండీ అని చెప్పి దిగిపోతారు. ఐవీ దిగలేదు.

"అయ్యగారూ, మీ నాయనమ్మగారు రేపు మన గేటు దగ్గరికి వచ్చి పని ఇమ్మంటే, ఇస్తారాండీ?"

థర్లో వాళ్లు క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్లు. ప్రార్థనలో కూడా మౌనంగా కూర్చుంటారు, నిజమైన మాట లోపలి నుంచి వస్తేనే నోరు విప్పుతారు. ఇంకెవరైనా అయితే నవ్వేసి దాటేసేవాళ్లు. ఆయన కళ్లు మూసుకున్నారు. హాలులో కప్పుల చప్పుడు ఆగిపోయింది. టీ చల్లారిపోయింది. ఆయన అబద్ధం చెబితే బాగుండునని ఐవీ ఆ క్షణంలో ఎంత కోరుకుందో చెప్పలేను. ఇస్తామమ్మా అంటే చాలు, ఆ మాట పట్టుకుని నిలబడొచ్చు.

"లేదమ్మా" అన్నారాయన కళ్లు తెరిచి. "వెనక్కి పంపేస్తాం."

తన మాట తన చెవినే పడ్డట్టు ఆయన కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు. "ఇది కంపెనీ బోర్డులో పెడతాను. మా పద్ధతి నీకు తెలుసుగా, ఒక్కరు వద్దన్నా ఆగాల్సిందే. ఎన్నాళ్లు పడుతుందో" అన్నారు.

"రేపటికి అవదు కదండీ."

"అవదమ్మా."

"అయితే ఇది ఉంచండి" అని బైబిలు తిరిగి ఆయన చేతికే ఇచ్చింది ఐవీ.

సిరిల్ నది ఒడ్డున బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. పక్కన పెళ్లికి కొన్న కొత్త టోపీ, పెట్టెలో. నీళ్ల మీద సాయంకాలపు ఎండ కదలకుండా పరుచుకుని ఉంది. ఐవీ జరిగిందంతా చెప్పింది.

"నేనంటే ఇష్టం లేదా?" అన్నాడు.

"ఉంది. అదేగా నా ఖర్మ. ఆ బల్ల వదిలేసి నీ దగ్గరికొచ్చేది నేను కాదు సిరిల్, ఇంకెవత్తో."

"ఆ ఇంకెవత్తితో నాకేం పని?" అన్నాడు టోపీ పెట్టెని బెంచీ కిందికి జరుపుతూ. "రూలు మారేదాకా ఉంటాలే. రైళ్ల కోసం కాచుక్కూర్చోవడమేగా నా ఉద్యోగం."

ఆ మాటకి ఐవీ అతని భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. దూరంగా చర్చి గంటలు మోగుతూనే ఉన్నాయి. ఆ సాయంత్రం అలాగే ఉండిపోతే ఎంత బాగుండును అనుకుంది.

ఉండిపోలేదు. ఏళ్లు గడిచాయి. బోర్డులో ఎవరో ఒకరు కాదంటూనే వచ్చారు. చివరికి యుద్ధం వచ్చింది, రైల్వే వాళ్లు తప్ప మగవాళ్లు వెళ్లిపోయారు, పనికి మనుషులు చాలలేదు. అన్నేళ్లూ కుదరని ఏకాభిప్రాయం ఒక్క మధ్యాహ్నంలో కుదిరింది. ఆ శనివారమే ఐవీ పెళ్లి చేసుకుంది. సోమవారం పొద్దున గేటు దగ్గర ఆమెని ఎవరూ ఆపలేదు.

సాయంత్రం సిరిల్ వచ్చి గేటు బయట నిలబడ్డాడు. ఇద్దరూ చేతులు పట్టుకుని ఇంటికి బయలుదేరారు. వీధిలో పిల్లలు గీతలు గీసుకుని తొక్కుడుబిళ్ల ఆడుతున్నారు. ఐవీ ఆగి చూసింది. తన వయసు ఆమెకి తెలుసు.

"అప్పుడే చేసుకుని ఉంటే," అంది మెల్లగా, "మనకి పుట్టినవాడు ఈపాటికి ఎంతవాడయ్యుండేవాడో."

"మొన్న మార్చికి తొమ్మిది నిండేవి" అన్నాడు సిరిల్. అతను ఆలోచించుకోనైనా లేదు.