ఎడమవైపు నాలుగు వేళ్ళ మేర

ఆ సంగీత మాసపత్రికకు పదమూడేళ్ళుగా ముఖచిత్రాలు తయారు చేస్తున్నది ఒక్కావిడే. ఆఫీసులో అందరూ ఆమెను కవరక్క అంటారు. తమ్ముడి భార్యకు మాత్రం ఆమె వదిన. జరిగినదంతా ఆ వరసలోనే జరిగింది కాబట్టి మనమూ వదిన అనే అందాం.

వదిన వేసే కవర్లకు ఒక పద్ధతి ఉండేది. నలుపు తెలుపు ఫొటో. కళ్ళు మూసుకుని పాడుతున్న గాయకుడో, వయొలిన్ మీద వాలిన గడ్డమో. చుట్టూ బోలెడంత ఖాళీ. పైన పత్రిక పేరు సన్నటి అక్షరాల్లో, కింద వ్యాసాల పేర్లు అంతకన్నా సన్నగా. "మన పాఠకుడు యాభై దాటినవాడు. అతన్ని కేకేసి పిలవకూడదు. కుర్చీ చూపించి ఊరుకోవాలి" అనేది. ఎడిటర్ గారు ఆ మాట వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పేవారు.

అయితే ఆ యాభై దాటినవాళ్ళు అరవై దాటారు, డెబ్బై దాటారు. వాళ్ళ వెనక కొత్తవాళ్ళెవరూ రాలేదు. అమ్ముడుపోక వెనక్కొచ్చిన కట్టలు మెట్ల కింద పేరుకుపోయి, చీపురు పెట్టుకోవడానికి కూడా చోటు లేకుండా పోయింది.

మరదలు అంతకుముందు ఒక సబ్బుల కంపెనీలో అట్టపెట్టెలకు డిజైన్లు చేసేది. ఆ కంపెనీ వేరే ఊరికి తరలిపోయింది. తమ్ముడు వచ్చి, "అక్కా, ఇంట్లో ఊరికే కూర్చోలేక పప్పు డబ్బాలకు కూడా బొమ్మలు వేసేస్తోంది. మీ ఆఫీసులో ఏదన్నా చూడకూడదూ?" అన్నాడు. వదిన నవ్వి ఎడిటర్ గారితో తనే చెప్పింది. లోపలి పేజీలు సర్దే పని ఇప్పించి, తన పక్క బల్ల దగ్గరే కూర్చోబెట్టింది. ఆ రోజంతా తనమీద తనకే ముచ్చటేసింది.

ఆరు నెలల తర్వాత ఎడిటర్ గారు అందరినీ పిలిచారు. "మనకు పదహారు నుంచి పాతికేళ్ళ లోపు వాళ్ళు కావాలి. వచ్చే సంచిక వాళ్ళకోసం చేద్దాం. కవర్ మీద ఏం వేద్దాం?"

వదిన గొంతు సవరించుకునేలోపే మరదలు సంచీలోంచి ఒక కాగితం తీసి బల్లమీద పరిచింది. నిండా పసుపుపచ్చ రంగు. వీధుల్లో పాడుతూ పేరు తెచ్చుకున్న ఒక అమ్మాయి గడ్డం పైకెత్తి, చూసేవాళ్ళ కళ్ళలోకి సూటిగా చూస్తోంది. ఆమె జుట్టు ఎగిరి పత్రిక పేరులో రెండక్షరాలను సగం కప్పేసింది. మిగిలిన అక్షరాలు లావుగా, కాస్త పక్కకు వాలి ఉన్నాయి. మూలన గుండ్రటి ఎర్రబిళ్ళ: లోపల పోస్టర్ ఉచితం.

"పేరు మీదికి జుట్టు వచ్చింది, చూసుకోలేదా?" అంది వదిన.

"తెలిసే పెట్టాను వదినా. ఆ అమ్మాయి పేజీలోంచి బయటికొస్తున్నట్టు ఉంటుంది. పేరు సగమే కనబడినా చదివేస్తారు."

"మరి ఆ ఎర్రబిళ్ళ? సబ్బు కొంటే షాంపూ ఉచితం అన్నట్టుంది."

"అక్కడినుంచే తెచ్చానండీ. చూడగానే చెయ్యి అటే పోతుంది."

ఎడిటర్ గారు పగలబడి నవ్వి, కాగితం తన వైపు లాక్కున్నారు.

ఆ సంచిక ఎనిమిది రోజుల్లో అయిపోయింది. మళ్ళీ అచ్చు వేశారు. తర్వాతి నెల కవర్ కూడా మరదలికే ఇచ్చారు, అదీ అలాగే పోయింది. వదిన అందరికంటే ముందు వెళ్ళి అభినందించింది. నవ్వు మొహానికి పులుముకుంది గానీ దవడలు నొప్పి పుట్టాయి. ఎక్కడ చూసినా ఆ పసుపే. బస్సులో ఎవరో కాలేజీ అమ్మాయి ఆ కవర్ కత్తిరించి ఫైలు మీద అంటించుకుంది. వదిన రెండు స్టాపుల ముందే దిగి నడిచింది.

ఆదివారం తమ్ముడింటికి భోజనానికి వెళ్తే, హాల్లో గడియారం పక్కన ఆ కవర్ ఫ్రేము కట్టించి ఉంది. "ఎలా ఉందక్కా? అంతా నీ చలవే" అన్నాడు తమ్ముడు, మనస్ఫూర్తిగానే. పదమూడేళ్ళలో నూట యాభైకి పైగా కవర్లు వేసింది తను. వీడు ఒక్కటి గోడకు తగిలించిన పాపాన పోలేదు. వంట బాగుందని రెండుసార్లు చెప్పింది.

తను కళ్ళలో నిప్పులు పోసుకుంటున్నానని ఆమెకు తెలుసు. తెలిసినంత మాత్రాన మంట ఆగదు.

ఏడాది ప్రత్యేక సంచిక వచ్చింది. కుర్రకారు పిచ్చెక్కిపోయే ఒక బ్యాండు, నలుగురు సభ్యులు. మరదలు నలుగురి మొహాలనూ కుడివైపు ఒకరి భుజం మీద ఒకరు ఒరిగేలా పెట్టింది. పత్రిక పేరును చిన్నది చేసి అదీ కుడివైపుకే జరిపింది. ఎడమవైపంతా చిక్కటి నలుపు, అందులోంచి దూసుకొస్తున్న ఎర్రటి వెలుగు వాళ్ళ మొహాల మీద. బల్లమీద పెట్టి చూస్తే కళ్ళు తిప్పుకోలేం.

అచ్చుకు వెళ్ళేముందు ప్రూఫ్ చేతికి రాగానే వదినకు తప్పు కనబడింది. దుకాణాల్లో పత్రికలను విడిగా పెట్టరు. చేతిలో పట్టుకున్న పేకముక్కల్లా ఒకదానిమీద ఒకటి పేరుస్తారు. బయటికి కనబడేది ఎడమవైపు నాలుగు వేళ్ళ మేర మాత్రమే. తన కవర్లలో పేరు మొదటి అక్షరం, మొహం ఎప్పుడూ ఆ నాలుగు వేళ్ళలోకి వచ్చేలా చూసుకునేది. మరదలి మొదటి రెండు కవర్లలో అవి అదృష్టం కొద్దీ అక్కడ పడ్డాయి. ఇందులో అక్కడున్నది ఉత్త నలుపు. సబ్బుపెట్టెలను ఎవరూ అలా పేర్చరు, ఆ పిల్లకెలా తెలుస్తుంది?

ప్రూఫ్ అలాగే పట్టుకుని కూర్చుంది. నోరు తెరిస్తే అయిపోయేది. ఎడిటర్ గారు అటుగా వెళ్తూ, "చూశారా?" అని అడిగారు.

"చూశాను. పంపించేయండి" అంది వదిన.

మూడు వారాలకు కట్టలకు కట్టలు వెనక్కొచ్చాయి. ఎడిటర్ గారు అందరి ముందూ మరదల్ని నిలబెట్టి, "సబ్బులు వేరు, సంగీతం వేరు. వచ్చే నెలనుంచి కవర్ మళ్ళీ మీ వదినే చూసుకుంటారు" అన్నారు. వదినకు సంతోషమే కలిగింది. అబద్ధమెందుకు, చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నది ఆ మధ్యాహ్నమే.

సాయంత్రం మరదలు బల్ల దగ్గరికొచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "అందరూ ఏదో ఒకటి అన్నారు వదినా. మీరొక్కరే ఏమీ అనలేదు. స్టేషన్ దగ్గర దుకాణం దాకా తోడొస్తారా? ఎక్కడ తప్పు చేశానో నా కళ్ళతో చూడాలి."

కాదనడానికి వదినకు సాకు దొరకలేదు.

దుకాణంలో పెద్దాయన వాళ్ళడిగిన పత్రిక కోసం తన స్టాండే వెతుక్కున్నాడు. "ఇదా? ఎక్కడ పెట్టానో నాకే కనబడక చస్తున్నానమ్మా. మొదటి వారం ఇంకా రాలేదనుకుని, అడిగినవాళ్ళకి లేదనే చెప్పాను."

మరదలు వరుస వంక చూసింది. అన్ని పత్రికల అంచులూ ఏదో ఒక మొహమో, అక్షరమో చూపిస్తున్నాయి. వాటి మధ్య ఒక నల్లటి పట్టీ, రెండు పత్రికల మధ్య సందులా. ఆమె తన నాలుగు వేళ్ళు దాని మీద ఆనించింది. సరిగ్గా సరిపోయింది. తర్వాత పక్కనే ఉన్న వేరే పత్రికల మీద ఆనించి చూసింది. కాసేపటికి వెనక్కి తిరిగింది.

"ఇది మీకు తెలుసు కదా వదినా."

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"ప్రూఫ్ చేతికొచ్చినప్పటినుంచి."

పెద్దాయన చిల్లర లెక్కపెడుతున్నట్టు తల దించుకున్నాడు. మరదలు అరవలేదు. "నాకేం తెలియదని నవ్వుకున్నా పడేదాన్ని. ఈ పనిలోకి చేయి పట్టుకుని తీసుకొచ్చింది మీరే" అని, వదినను అక్కడే వదిలేసి బస్సెక్కింది.

మర్నాడు పొద్దున్నే వదిన ఎడిటర్ గారి గదిలోకి వెళ్ళింది. "ఆ కవర్‌లో తప్పు నాకు ముందే కనబడింది. కావాలనే చెప్పలేదు. కవర్ పని తిరిగి ఆ అమ్మాయికే ఇవ్వండి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఎందుకు చెప్పలేదు?"

"ఓర్వలేక."

ఆయన బల్లమీద ఒక ఉత్తరం కవరు ఆమె వైపు జరిపారు. మరదలి రాజీనామా అప్పటికే అందులో ఉంది.

తర్వాత అయిదు నెలలు తమ్ముడు ఒక్కడే వచ్చి పోయేవాడు. "మీ ఇద్దరి మధ్యా నన్ను నలపకండి అక్కా" అన్నాడొకసారి. మరదలు కాలేజీ పిల్లలు చదివే ఒక పాటల వారపత్రికలో చేరింది. వదిన నలుపు తెలుపు కవర్లు తనే వేసుకుంటోంది. మెట్ల కింద కట్టలు పెరుగుతూనే ఉన్నాయి. వారంవారం దుకాణంలో ముందు మరదలి పత్రికే తీసి చూసేది. బాగోలేదని అనిపించాలని ఎంతో ఆశగా చూసేది. ఒక్క వారమూ అనిపించలేదు.

ఒక మధ్యాహ్నం మరదలు నేరుగా ఆఫీసుకే వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. ఒక ప్రూఫ్ బల్లమీద పెట్టింది.

"రాజీకి రాలేదు వదినా. ఇది రేపు ప్రెస్సుకెళ్తుంది. మా దగ్గర దీన్ని మీలా చూడగలిగే కన్ను లేదు. ఉన్నదున్నట్టు చెప్పండి."

డ్రమ్స్ వాయించే అమ్మాయి, చేతులు గాల్లో. వెనక మండే నారింజ రంగు. మొహం ఎడమవైపు, సరిగ్గా ఎక్కడుండాలో అక్కడే. వదిన గుండెలో పాత మంట భగ్గున లేచింది. చాలాసేపు చూసింది.

"కింద ఈ అక్షరాల వరుస దుకాణం స్టాండుకు అడ్డంగా ఉండే కమ్మీ వెనక పడుతుంది. రెండంగుళాలు పైకి జరుపు."

"ఇంకా?"

"ఇంకేం లేదు." ఆగి, తల ఎత్తకుండా అంది, "ఇలాంటిది నాకు రాదు. ఎన్నాళ్ళు కూర్చున్నా రాదు."

"కుళ్ళుగా ఉందా?"

"ఉంది."

మరదలు కుర్చీ లాక్కుని కూర్చుంది. పెన్సిలుతో కింది వరుస పైకి జరపాలని గుర్తు పెట్టుకుంది. పోతూ పోతూ, "ఆదివారం మీ తమ్ముడితో వస్తాను. వంట మాత్రం మీరే చెయ్యాలి" అంది.

ఆమె మెట్లు దిగాక వదిన తన కవర్ పని ముందేసుకుంది. సాయంత్రం దాకా ఒక్క గీతా సరిగ్గా పడలేదు. ఆ నారింజ రంగు కళ్ళలోంచి పోనే లేదు.